రోగమును దాచి వాహనము నడుపుట



నా చిన్ననాట మా గ్రామపు బండ్లు సంతకు పోయి తెల్లవారుజామున తిరిగి వచ్చుచుండెడివి. తోలువారిలో సగముమంది బండ్లలోనే నిద్రించుచుండెడివారు. దానికి ఎవరును భయపడెడివారు కారు. ఎడ్లకు త్రోవ తెలియును. వాగు వచ్చినచోట అవియే నెమ్మదించును. గుంట కనబడినచోట తప్పుకొనును. ఎదుటి బండి మువ్వల సవ్వడి విని ప్రక్కకు జరుగును. తుదకు యజమాని వాకిట నిలిచి మెడ విదల్చును. ఒకమారు మా పెదనాయనగారు త్రోవలో సొమ్మసిల్లి పడిపోయిరి. బండి ఎప్పటివలెనే ఇల్లు చేరెను. మా పెద్దమ్మ లాంతరు పట్టుకొని వచ్చి మొగమున నీళ్లు చల్లువరకు ఆయనకు స్పృహ లేదు. మరునాడు ఆ యెడ్లజతకు ఉలవలు రెండింతలు పెట్టించిరి. ఈ కథను మా యింట చాలకాలము నవ్వుచు చెప్పుకొనుచుండెడివారు.

ఇప్పుడు ఆ కొట్టములో ఎడ్లు లేవు. ట్రాక్టరున్నది. దాని ప్రక్కన రెండు మోటారుసైకిళ్లున్నవి. ఇనుమునకు త్రోవ తెలియదు. నడుపువాని కన్ను, చేయి, స్పృహ, ఈ మూడే దానికి ఎడ్లు. మా పెదనాయనగారికి వచ్చినంత స్వల్పమైన మైకము నేడు ట్రాక్టరు నడుపువానికి వచ్చినచో, ఆ కథను ఎవరును నవ్వుచు చెప్పజాలరు.

త్రాగి వాహనము నడుపుటనుగూర్చి పోలీసువారును పత్రికలవారును తగినంత చెప్పుచున్నారు. నేను దానిని తడవను. చుక్కయైనను త్రాగనివాడు, మర్యాదస్థుడు, సంసారపక్షమువాడు, దేహములో ఒక రోగమును దాచుకొని వాహనమెక్కుటనుగూర్చియే నేడు చెప్పదలచితిని. నేను ప్రభుత్వ వైద్యుడనుగా పనిచేసి విరమించినవాడను. ఈ విషయమున ఇతరుల తప్పులేకాక నా తప్పును కూడ చెప్పవలసియున్నది. దానిని ముందు ముందు చెప్పెదను.

మొదట ఒక చిన్న లెక్క. గంటకు 60 కిలోమీటర్ల వేగమన నేటి రోడ్లపై పెద్ద వేగము కాదు. అనగా నిమిషమునకు ఒక కిలోమీటరు. సెకనునకు 16 మీటర్లకు పైచిలుకు. 5 సెకనులపాటు మనిషి తెలివి తప్పినచో వాహనము 80 మీటర్లు ఎవరి వశమునను లేక పరుగెత్తును. 12 సెకనులలో ఒక ఫర్లాంగు దాటును. కొన్ని మూర్ఛలలో రోగి క్రిందపడడు, కొట్టుకొనడు. చూపు నిలిచిపోయి కొన్ని సెకనులు శిలవలె నుండి, పిదప ఏమియు జరుగనట్లే మాట్లాడును. ఇంట నున్నప్పుడు అది పరధ్యానమువలె తోచును. రోడ్డుమీద ఆ కొన్ని సెకనులలో బడి విడిచి వచ్చు పిల్లల వరుస యంతయు దాటిపోవును.

యంత్రమునకు ఎడ్లబుద్ధి నేర్పవలెనని యత్నించినవారు లేకపోలేదు. రైలింజనులలో చిరకాలమునుండి ఒక ఏర్పాటు కలదు. డ్రైవరు ఒక పెడలును కాలితో త్రొక్కి పట్టియుండవలెను; అతడు పడిపోయి కాలు తొలగినచో బండి తనంతట నిలిచిపోవును. ఆస్ట్రేలియా దేశమున సిడ్నీ నగరమునకు దక్షిణమున వాటర్‌ఫాల్ అను స్టేషనుకలదు. 2003వ సంవత్సరము జనవరి 31వ తేదీన ఆ స్టేషను దాటిన పిదప ఒక రైలు డ్రైవరునకు గుండెపోటు వచ్చెను. అతడు కూలబడెను, కాని కాళ్ల బరువు పెడలుమీదనే యుండిపోయెను. యంత్రము అతడు బ్రతికియే యున్నాడనుకొనెను. 60 కిలోమీటర్ల వేగమున పోవలసిన మలుపున బండి 117 కిలోమీటర్ల వేగమున పోయి బోర్లపడెను. డ్రైవరుతో కలిసి 7గురు మరణించిరి. మనుష్యుని స్పృహకు బదులుగా అమర్చిన సాధనముకూడ మోసపోవునని దీనివలన తెలియుచున్నది. మన ట్రాక్టరునకు ఆపాటి సాధనమైనను లేదు.

ఇక రోడ్డుమీది సంగతి. స్కాట్లండు దేశమున గ్లాస్గో అను మహానగరము. 2014వ సంవత్సరము డిసెంబరు 22వ తేదీ. క్రిస్మసు పండుగ మూడు దినములున్నది. మధ్యాహ్నము అంగళ్లు క్రిక్కిరిసియున్నవి. నగరపు చెత్తను మోసికొనిపోవు 26 టన్నుల లారీ క్వీను వీధిలో పోవుచుండగా డ్రైవరు సొమ్మసిల్లెను. లారీ కాలిబాట నెక్కి జనుల మధ్యనుండి పోయి జార్జి కూడలిలో ఒక హోటలు గోడకు కొట్టుకొని నిలిచెను. ఇదంతయు జరిగినది 19 సెకనులలో. 6గురు మరణించిరి, 15 మంది గాయపడిరి. మరణించినవారిలో ఒకే కుటుంబమువారు ముగ్గురు. తాత, అవ్వ, 18 ఏండ్ల మనుమరాలు. పండుగ సరకులు కొనుటకు కలిసి బయలుదేరినవారు.

మరుసటి సంవత్సరము ఒక న్యాయాధికారి విచారణ జరిపెను. అప్పుడు బయటపడిన విషయము వినదగినది. ఆ డ్రైవరునకు అది క్రొత్త కాదు. 2010లో అతడు బస్సు డ్రైవరుగా నుండగా, ఆ యాసనముననే ఒకమారు స్పృహ తప్పెను. నాడు బస్సు నిలిచియున్నందున ఎవరికిని హాని కలుగలేదు. వైద్యునియొద్దకు పోయినప్పుడు జరిగినది జరిగినట్లు చెప్పలేదు. పిదప లారీ ఉద్యోగమునకు దరఖాస్తు వ్రాయునప్పుడు ఆ సంగతిని మరుగుపరచెను. లైసెన్సు పత్రములోను అట్లే చేసెను. అతడు వైద్యులకు నిజము చెప్పియున్నచో ఈ విపత్తు తప్పియుండవచ్చునని న్యాయాధికారి 2015 డిసెంబరులో నిర్ణయము వ్రాసెను.

పెద్దలు ఒక అంశమును గమనింతురుగాక. అతనికి వచ్చినది ఘోరమైన వ్యాధి కాదు. వట్టి సొమ్మసిల్లుట. రక్తపు ఒత్తిడి చప్పున తగ్గి మెదడునకు ఒక క్షణము రక్తము చాలకపోవుట. ఎండలో నిలిచినవారికి, రక్తము చూచినవారికి, పస్తున్నవారికి వచ్చునట్టిదే. మా పెదనాయనగారికి వచ్చినది కూడ బహుశః అదియే. అతడు దుర్మార్గుడని నేను చెప్పను. ఉద్యోగము పోవునని భయపడిన ఒక సామాన్యుడు. మన యూళ్లలో ఇట్టి భయముతో దాచువారు ఎందరున్నారో మీకే నాకంటె బాగుగా తెలియును.

జపాను దేశపు ఉదాహరణము ఇంకను సూటిగా మన యిండ్లను తాకును. 2011 ఏప్రిల్ 18వ తేదీన కనుమ అను పట్టణమున బడికి నడచి పోవుచున్న పిల్లలమీదికి క్రేను లారీ ఒకటి ఎక్కి 6గురు బాలబాలికలు మరణించిరి. డ్రైవరునకు మూర్ఛవ్యాధి కలదు. మందు వేసికొనలేదు. వ్యాధి సంగతి యజమానికి చెప్పలేదు. అంతకుముందును అతడు ప్రమాదములు చేసియుండెను. అతనికి 7 సంవత్సరముల శిక్ష పడెను. అంతటితో ఆగలేదు. 2013లో న్యాయస్థానము నష్టపరిహారము చెల్లింపవలసినవారిలో అతని తల్లిని కూడ చేర్చెను. కుమారుని వ్యాధి ఆమెకు తెలియును. అతడు లారీ నడుపుచున్నాడనియు తెలియును. తెలిసియు యజమానికి తెలుపలేదు. ఆ తల్లి తీర్పును వినుచు ఎట్లుండెనో నేను ఊహింపజాలను. తల్లికి బిడ్డ రోగమును బయటపెట్టుమని చెప్పుట కఠినము. కాని ఆ 6గురు పిల్లలకును తల్లులున్నారు. ఆ తల్లిదండ్రులు ఊరకుండక సంతకములు సేకరించిరి. 2013లో క్రొత్త చట్టము వచ్చి, వ్యాధి ప్రభావమున వాహనము నడిపి ప్రాణహాని కలిగించుట అందులో వేరుగా నేరముగా చేర్చబడెను.

మన దేశమున చట్టమేమి చెప్పుచున్నది? 1914లో ఒక మోటారు చట్టము, 1939లో మరియొకటి, ఇప్పుడు అమలులోనున్నది 1988 నాటిది. లైసెన్సు కోరువాడు మొదట తన దేహస్థితిని తానే ప్రకటించి సంతకము చేయవలెను. మూర్ఛగాని, ఏ కారణముచేతనైనను ఆకస్మికముగా స్పృహ తప్పుటగాని, తల తిరుగుటగాని కలదా? పట్టపగలు 25 మీటర్ల దూరమున కారు నంబరు పలకను చదువగలవా? ఎరుపు, పచ్చ రంగుల భేదము తెలియునా? రేచీకటి కలదా? ఇట్టి ప్రశ్నలు అందులో నుండును. 40 ఏండ్లు దాటినవారును, బాడుగబండ్లు, లారీలు నడుపువారును వైద్యుని ధ్రువపత్రము కూడ తేవలెను. రోగమున్నదని తెలిసి, దానివలన ప్రజలకు అపాయమని తెలిసి వాహనము నడుపుట 186వ సెక్షను క్రింద నేరము. 2019 సవరణ పిమ్మట మొదటి తప్పునకు 1000 రూపాయలవరకు, మరల చేసినచో 2000 రూపాయలవరకు జరిమానా. మేకపిల్లయైనను రాని ధర యిది. జరిమానాకు జడిసి ఎవడును మానడు. 16వ సెక్షను మేలైనది. ఒకడు వ్యాధిచేత వాహనము నడుపుటకు తగడని నమ్మదగిన కారణమున్నచో, లైసెన్సు నిచ్చు అధికారి ఎప్పుడైనను వైద్య ధ్రువపత్రము తెమ్మనవచ్చును. లైసెన్సును రద్దు చేయవచ్చును. ఈ సెక్షను ఒకటి కలదని గ్రామములలో తెలిసినవారు అరుదు.

ధ్రువపత్రమని చెప్పితిని గదా. ఇప్పుడు నా తప్పు వచ్చినది.

1997లో నేనొక చిన్న పట్టణపు ఆసుపత్రిలో నుంటిని. సంతరోజు. వరండా నిండ రోగులు. బియ్యపు మిల్లు లారీ నడుపు ఒకాయన, 50 ఏండ్ల ప్రాయమువాడు, నాకు తెలిసినవారి సిఫారసుతో ధ్రువపత్రమునకై వచ్చెను. “కళ్లు బాగా కనబడుచున్నవా?” అని యడిగితిని. “దేవుడిదయవల్ల సూదిలో దారమెక్కిస్తానండి” అనెను. సంతకము చేసితిని. ముద్ర వేసితిని. అర నిమిషము పట్టియుండును.

ఎనిమిది నెలలు గడచెను. ఒక సాయంకాలము, దీపములు పెట్టు వేళ, ఆ లారీ ఎడమప్రక్కగా సైకిలుమీద పోవు ఒక బడిపంతులుగారిని కొట్టెను. ఆయన ఆ రాత్రియే మా ఆసుపత్రిలో, నా చేతులలోనే మరణించిరి. డ్రైవరు తలబాదుకొనుచు, “సైకిలు నాకు కనబడనేలేదు, బాబయ్యా” అని ఏడ్చుచుండెను. అందరును అబద్ధమనిరి. నేను వారము దినములకు పిమ్మట అతనిని కన్నుల వైద్యునియొద్దకు పంపితిని. అతడు చెప్పినది నిజము. అతనికి నీటికాసుల జబ్బు. ఎదుటనున్న చిన్న అక్షరము చదువగలడు. సూదిలో దారమును ఎక్కింపగలడు. కాని ప్రక్కచూపు రెండు కన్నులకును చాలవరకు నశించియుండెను. గొట్టములోనుండి చూచినట్లు లోకమును చూచుచుండెను. ఈ జబ్బు నొప్పి లేక, ఎరుపు లేక, మెల్లగా వచ్చునుగనుక అతనికే తెలియదు.

రోగిని ఎదుట కూర్చుండబెట్టి, నా ముక్కును చూచుచుండుమని చెప్పి, ప్రక్కలనుండి నా వ్రేళ్లను మెల్లగా లోపలికి తెచ్చి, ఎప్పుడు కనబడెనో అడుగుటకు ఒక్క నిమిషము చాలును. పరికరములక్కరలేదు. అతనికి అంత చూపు పోయియుండగా ఆ ఒక్క నిమిషములోనే నాకు తెలిసియుండెడిది. ఎవరును నన్ను ప్రశ్నింపలేదు. న్యాయస్థానమునకు పిలువలేదు. పత్రము సక్రమముగా నున్నదనిరి. పంతులుగారి భార్య మాత్రము ఆరు నెలలకు పింఛను కాగితములమీద సంతకమునకై నాయొద్దకు వచ్చి, ఆ పనియు నేనే చేయవలసిన వాడనగుటచే, చేసి పంపితిని. ఆమెకు నిజము చెప్పుటకు నాకు నోరు రాలేదు. నేటికిని చెప్పలేదు. నాటినుండి నేను చేసిన ప్రతి ధ్రువపత్రమునకు పది నిమిషములు తీసికొంటిని. కొందరు నన్ను చాదస్తుడనిరి. కొందరు వేరొక వైద్యునియొద్దకు పోయి రెండు నిమిషములలో తెచ్చుకొనిరి.

కాబట్టి పెద్దలారా, మీ కుమారులకు ధ్రువపత్రము “ఊరకనే” ఇప్పింపుమని మీరు వైద్యునకు సిఫారసు చేయబోవునప్పుడు ఈ కథను ఒకమారు తలంపుడు.

ఇక మధుమేహము. ఈ సభలో, సభ యనరాదు గదా, వినుచున్నవారిలో, అరువదేండ్లు దాటినవారిలో ఈ వ్యాధి లేని యిల్లు తక్కువ. చక్కెర యెక్కువగుటయే అపాయమని జనులు తలంతురు. వాహనము నడుపువానికి అంతకంటె హఠాత్తుగా ముంచునది చక్కెర తగ్గుట. ఇన్సులిను సూది వేసికొనువారికి, గ్లైబెన్‌క్లమైడు, గ్లిమిపిరైడు వంటి మాత్రలు మ్రింగువారికి ఇది జరుగును. మందు వేళకు వేసికొని అన్నము వేళకు తినకపోవుట, ఎన్నడును లేనంత కాయకష్టము చేయుట, ఏకాదశినాడో రంజాను నెలలోనో ఉపవసించి మందు మాత్రము మానకపోవుట, ఇవి కారణములు. మొదట చెమట పట్టును, చేతులు వణకును, ఆకలి పుట్టును, గుండె దడదడలాడును. పిదప మాట తడబడును, బుద్ధి మందగించును. చూచువారు త్రాగినాడనుకొందురు. ఆ స్థితిలోనున్నవానికి తన బుద్ధి మందగించినదని తెలిసికొను బుద్ధియే యుండదు. ఇందున్న మోసమంతయు ఇదియే. అతడు “నాకేమియు లేదు” అని గట్టిగా వాదించును, ఇంకను వేగముగా పోవును. ఏండ్లతరబడి వ్యాధియున్నవారిలో కొందరికి చెమట, వణకు అను ముందుసూచనలుకూడ నశించును. తిన్నగా తెలివియే తప్పును.

బ్రిటనులో ఇన్సులిను వాడు డ్రైవర్లకు ఒక నియమము చెప్పుదురు. వాహనమెక్కుటకు ముందు రక్తమును పరీక్షించుకొనవలెను. మన లెక్కలో 90 మిల్లీగ్రాములకు తక్కువయున్నచో ఏదైన తినిగాని బయలుదేరరాదు. దూరప్రయాణమున రెండు గంటల కొకసారి మరల చూచుకొనవలెను. దారిలో చక్కెర తగ్గినట్లు తోచినచో బండిని ప్రక్కన నిలిపి, యంత్రమునాపి, తాళపుచెవి తీసి, చక్కెరయో గ్లూకోసో తినవలెను. మన పల్లెలలో పటికబెల్లమైనను సరే. రక్తము సరియైన పిదపకూడ 45 నిమిషములు ఆగవలెను. ఏలయన మెదడు తేరుకొనుటకు రక్తముకంటె ఆలస్యమగును. ఈ 45 నిమిషముల మాట మన వైద్యులలోను పలువురు చెప్పరు. మోటారుసైకిలు సంచిలో పెట్రోలు రసీదులు దాచుకొనువారు పటికబెల్లపు పొట్లమునకు చోటు చేసికొనలేరా?

జలుబునకు మ్రింగు మాత్రలు, క్లోర్‌ఫెనిరమైను, సెటిరిజిను మొదలగునవి, నిద్ర తెచ్చును. కొన్ని దగ్గుమందులును అంతే. చీటీ లేకయే అంగడిలో దొరకును గనుక వీనిని ఎవరును మందులుగా నెంచరు. రక్తపుపోటు మాత్ర క్రొత్తగా మొదలుపెట్టినవారు మొదటి దినములలో లేచి నిలుచునప్పుడు తల తిరుగునేమో చూచుకొని మరి వాహనమెక్కవలెను. గుండెపోటు, పక్షవాతము వచ్చి కోలుకొన్నవారు తమంతట తామే నిర్ణయించుకొనక, వైద్యుని స్పష్టముగా “నేను బండి నడుపవచ్చునా?” అని యడుగవలెను. వైద్యులు తమంతట చెప్పుదురని యెదురుచూడవలదు. మాకు మతిమరపు అధికము.

గురకనుగూర్చి నవ్వుదురు. రాత్రి పెద్దగా గురకపెట్టి, నడుమ ఊపిరి నిలిచినట్లై, ఉలికిపడి మరల పీల్చువాని నిద్ర నిద్ర కాదు. ఎనిమిది గంటలు పడుకొన్నను పగలు కూర్చున్నచోటనే తూగును. దీనికి చికిత్స కలదు. లారీ డ్రైవర్లలో స్థూలకాయులకు ఈ బాధ తరచు. భార్యలనడిగినచో నిజము తెలియును.

ఇక మూర్ఛ. ఇందు రోగముకంటె సిగ్గు పెద్దది.

నేను పనిచేసిన మరియొక చోట, ఒక సాయంకాలము ఒక యిల్లాలు ఒంటరిగా వచ్చి, తలుపు దగ్గరగా వేయించి చెప్పినది. ఆమె కుమారునకు 23 ఏండ్లు. తెల్లవారుజామున నిద్రలో మూర్ఛ వచ్చుచున్నది. రెండుమార్లు పగలుకూడ వచ్చినది. అతడు ట్రాక్టరు నడుపును. మిరపకాయల కోతకాలమున వెనుక తొట్టిలో ఇరువది ముప్పదిమంది ఆడకూలీలను ఎక్కించుకొని చెరువుకట్టమీదుగా పోవును. ఆమెకు నిద్రపట్టుట లేదు. “ఎవరితో చెప్పను బాబూ? చెబితే పిల్లనెవరిస్తారు? చెప్పకపోతే ఆ ఆడవాళ్లందరూ నా కళ్లముందే మెదులుతున్నారు” అని యేడ్చెను.

ఆమెకు పెండ్లి సంగతి మొదట చెప్పితిని, ఏలయన ఆమె భయము అక్కడ నున్నది. 1955 నాటి హిందూ వివాహ చట్టములో మూర్ఛ వివాహమునకు అడ్డుగా నుండినది. 1999 సవరణచేత ఆ మాట తొలగింపబడినది. మూర్ఛ గాలి కాదు, దయ్యము కాదు, అంటువ్యాధి కాదు. మెదడులో విద్యుత్తువంటి ప్రవాహము ఒక్కమారు అదుపుతప్పుట. మందులు క్రమముగా వాడినచో నూటికి 70 మందివరకు మూర్ఛలు లేకయే జీవింపవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. కాని మందు ఒకనాడు మరచినను, రాత్రి జాగారము చేసినను, మూర్ఛ మరల రావచ్చును. బ్రిటనులో సంవత్సరముపాటు మూర్ఛ రానివారికి సొంత కారు నడుపుటకు అనుమతి యిత్తురు. లారీలకైతే మందులు లేకయే పది సంవత్సరములు మూర్ఛ రాకుండ గడువవలెను. మన దరఖాస్తులో గడువు మాట లేదు, ఉన్నదా లేదా అనియే ప్రశ్న. అందువలననే పలువురు లేదని వ్రాయుదురని నా యభిప్రాయము. చట్టము కొంత దారి చూపినచో నిజము చెప్పువారు పెరుగుదురు.

ఆ యువకుడు నా మాట వినలేదు. “ట్రాక్టరు మానితే ఏం తినమంటారు?” అనెను. న్యాయమైన ప్రశ్న. నాయొద్ద జవాబు లేదు. ఆ యూరిలో ఒక వృద్ధుడుండెను. ఏ పదవియు లేదు గాని ఆయన మాటకు ఎదురులేదు. తల్లి యనుమతితో ఆయనకు మాత్రమే చెప్పితిని. ఆయన రచ్చబండవద్ద ఏమియు ననలేదు. ఎవరికిని జబ్బు పేరెత్తలేదు. ఒకనాడు ఆ కుర్రవానిని పిలిచి, “ఒరే అబ్బాయీ, పాలకేంద్రములో లెక్క వ్రాయువాడు పట్నము పోయినాడు; వెన్నశాతము చూచుటకు నమ్మకమైనవాడు కావలెను; రేపటినుండి నీవు రా. ట్రాక్టరు మా తమ్ముడు కౌలునకు తీసికొనును, నెలకింత నీకిచ్చును” అనెను. ఊరివారు ఆ కుర్రవానికి ఉద్యోగము వచ్చినదనుకొనిరి. అతని మానము దక్కెను. అన్నము దక్కెను. తొట్టిలోని ఆడకూలీలు తామొక గండము దాటితిమని ఎన్నడును ఎరుగరు. వైద్యుడను నేను మందు చీటీ వ్రాసితిని. ఆ పెద్దాయన చేసిన పని నాకు చేతకానిది. అందువలననే నేడు వైద్యులతో గాక మీతో మాటలాడుచున్నాను.

తాళపుచెవి గుంజుకొనుట సులభము. గుంజుకొన్న మరునాడు ఆ యింట పొయ్యిమీద ఏమి యుండునని చూచుట మీవంటివారికే సాధ్యము. ట్రాక్టరు తొట్టిలో మనుష్యులను మోయుటయే చట్టవిరుద్ధమన్న సంగతియు, కోతల కాలమున దానిని ఎవరును పాటింపరన్న సంగతియు మీకును నాకును తెలిసినవే. దానికి వేరొకనాడు వేరొక ప్రసంగము కావలెను.

చివరగా నా సంగతి ఒకటి. నాకిప్పుడు 78 ఏండ్లు. మొన్న మాఘమాసమున, పట్టపగలు, మా వీధిలో నిలిచిన కారునుండి 33 అడుగులు వేసి వెనుకకు వచ్చితిని. నా అడుగు మూడు వంతుల మీటరు; 33 అడుగులు సుమారు 25 మీటర్లు. కండ్లజోడు పెట్టుకొనియే, ఒక్కొక్క కన్ను మూసి నంబరు పలకను చదివితిని. కుడికంటితో 3, 8 అంకెల భేదము తెలియలేదు. ఎడమకంటితో పలకయే మసక. మా మనుమడు ప్రక్కన నిలిచి, “తాతయ్యా, నాలుగు అంకెలలో మూడు తప్పు” అనెను. నాటి ఉదయమే నేను కారు నడుపుకొని దేవాలయమునకు పోయి వచ్చియుంటిని.

శుక్లములని వైద్యులు చెప్పిరి. ఎడమకంటికి శస్త్రచికిత్స అయినది. కుడికంటికి వచ్చు నెలలో చేయుదురు. అంతవరకు కారు తాళపుచెవి మా కోడలియొద్ద నున్నది. నేను రెండుమార్లడిగితిని. ఇవ్వలేదు.